నాలో బగ్ వెతకని కౌన్సెలర్

రాత్రి 2 గంటల 10 నిమిషాలు. ఫోన్ మోగింది.

మామూలు రింగ్‌టోన్ కాదు. ఆన్-కాల్ డ్యూటీలో ఉన్నవాళ్ల కోసం మా టీమ్ పెట్టుకున్న సైరన్. సాఫ్ట్‌వేర్‌లో ఉన్నవాళ్లకి దీని గురించి చెప్పక్కర్లేదు. లేనివాళ్ల కోసం ఒక్క మాట. మీరు అర్ధరాత్రి ఎవరికో డబ్బులు పంపితే అవి వెళ్లాలి కదా. వెళ్లకపోతే ఎవరో ఒకరు నిద్రలేచి చూడాలి కదా. ఆ వారం ఆ 'ఎవరో ఒకరు' నేనే.

లేచాను. ఫోన్ చేతిలోకి తీసుకున్నాను. 'నేను చూస్తున్నాను' అని చెప్పే బటన్ ఒకటి నొక్కాలి. అంతే. నా వేలు కదల్లేదు. చేతులు చల్లబడిపోయాయి. గుండె చప్పుడు నాకే వినబడుతోంది. మంచం మీద కూర్చుని ఆ స్క్రీన్ వంక చూస్తూ ఉండిపోయాను. 14 నిమిషాలు. ఆ తర్వాత అలర్ట్ నన్ను దాటుకుని మా మేనేజర్‌కి వెళ్లింది. ఆయన లేచి, సరిచేసి, పడుకున్నారు. నేను మాత్రం తెల్లారేదాకా పడుకోలేదు.

మర్నాడు మీటింగ్‌లో ఎవరూ నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది. రిపోర్టులో ఒకే ఒక్క లైను: 'ఆన్-కాల్ ఇంజినీర్ స్పందించలేదు.' పేరు లేదు. కానీ ఆ గదిలో ఉన్న పదకొండు మందికీ పేరు తెలుసు.

అది జులై. ఆ తర్వాత నాలుగు నెలలు నేను చేసిన పని ఏంటో తెలుసా? తప్పించుకోవడం. నా డ్యూటీ వారం వచ్చేసరికి ఏదో ఒక సాకు. కజిన్ పెళ్లి, వైరల్ ఫీవర్, ఇంటర్నెట్ లేదు. ఎవరి ఫోన్లో ఆ సైరన్ మోగినా నా చేయి వణికేది. ఇంటి నుంచి అమ్మ ఫోన్ చేసినా 'హలో' అనడం మానేసి 'ఏమైంది?' అని ఎత్తేదాన్ని. రాజీనామా మెయిల్ రాసి డ్రాఫ్ట్స్‌లో పెట్టుకున్నాను. పంపడానికి కూడా ధైర్యం లేదు, చూశారా!

అమ్మకి సగం సగం చెప్పాను. "వచ్చెయ్యి తల్లీ. అంత ఒత్తిడి ఎందుకు మనకి? నువ్వు మొదట్నుంచీ పిరికిదానివే కదా, సంబంధాలు చూస్తాంలే" అంది. ప్రేమగానే అంది. కానీ ఆ మాట నాకు సూదిలా దిగింది. ఎందుకంటే నేనూ అదే అనుకుంటున్నా.

ఐదు 'ఎందుకు'లు

మా ఫీల్డులో ఏదైనా పాడైతే ఆర్‌సీఏ చేస్తారు. అంటే అసలు కారణం ఎక్కడుందో తవ్వి తీయడం. టొయోటా ఫ్యాక్టరీల నుంచి వచ్చిన పద్ధతి ఒకటి మాకు బాగా అలవాటు: 'ఎందుకు?' అని ఐదుసార్లు అడుగు, మూలం దొరుకుతుంది.

ఒక ఆదివారం కూర్చుని నామీద నేనే ఆర్‌సీఏ చేసుకున్నా. ఎక్సెల్ షీట్‌లో.

ఎందుకు బటన్ నొక్కలేదు? భయమేసింది. ఎందుకు భయమేసింది? తప్పు చేస్తానేమోనని. ఎందుకు అలా అనిపించింది? నామీద నాకు నమ్మకం లేదు. ఎందుకు లేదు? చిన్నప్పట్నుంచీ పిరికిదాన్ని. ఎందుకు పిరికిదాన్ని?

ఐదో గడి ఖాళీ. దీపావళికి చిచ్చుబుడ్డి అంటే కూడా పారిపోయేదాన్నని రాశా. పదో క్లాసులో స్టేజి మీద మాట మర్చిపోయానని రాశా. వరుసలు పెరుగుతున్నాయి. ప్రతి వరుసా నేను ఎందుకు పనికిరానో చెప్పే సాక్ష్యమే. రాత్రయ్యేసరికి 31 వరుసలు. మనసు ఇంకా బరువెక్కింది.

ఆ షీట్ పట్టుకునే కౌన్సెలర్ దగ్గరికి వెళ్లాను. ఆన్‌లైన్ సెషన్, 45 నిమిషాలు. "మేడమ్, నా దగ్గర డేటా ఉంది, షేర్ చేయనా?" అన్నాను. ఆవిడ నవ్వి, "తప్పకుండా చూద్దామండీ. ముందు ఒక్కటి అడగనా? ఇవాళ మనం మాట్లాడుకున్నాక, ఏం మారితే 'ఈ టైమ్ వేస్ట్ కాలేదు' అనుకుంటారు?" అన్నారు.

నాకు జవాబు రాలేదు. ఏం వద్దో 31 వరుసలు రాసుకున్న నేను, ఏం కావాలో ఒక్క వరుస కూడా రాసుకోలేదు.

రాత్రికి రాత్రి ఒక అద్భుతం

తర్వాత ఆవిడ అడిగిన ప్రశ్న వింతగా ఉంది. నెమ్మదిగా, కథ చెప్పినట్టు అడిగారు.

"ఇవాళ రాత్రి మీరు భోజనం చేసి పడుకున్నారు. మీరు నిద్రలో ఉండగా ఒక అద్భుతం జరిగింది. మీరు నా దగ్గరికి తెచ్చిన సమస్య మాయమైపోయింది. కానీ నిద్రలో ఉన్నారు కాబట్టి అది మీకు తెలీదు. పొద్దున లేచాక, ఏ చిన్న తేడా చూసి 'అరే, ఏదో మారింది' అనుకుంటారు?"

"భయం ఉండదు" అన్నాను.

"భయం బదులు ఏం ఉంటుంది?"

చాలాసేపు ఆలోచించా. "ఫోన్ బోర్లా పెట్టి ఉండదు. లేవగానే మెసేజీలు కాకుండా కిటికీ చూస్తాను. అమ్మ ఫోన్ చేస్తే 'ఏమైంది?' అనను, 'ఏం వండావు?' అంటాను."

"అప్పుడు అమ్మ ఏమంటారు?"

"గోంగూర పచ్చడి గురించి పావుగంట చెప్తుంది." నవ్వొచ్చింది. నాలుగు నెలల్లో ఈ విషయం మాట్లాడుతూ నవ్వడం అదే మొదటిసారి.

ఈ ప్రశ్న ఆవిడ సొంతం కాదని తర్వాత తెలిసింది. దీని పేరే 'అద్భుత ప్రశ్న'. అమెరికాలోని మిల్వాకీ నగరంలో 1978లో స్టీవ్ డి షేజర్, ఇన్సూ కిమ్ బర్గ్ అనే భార్యాభర్తలు తమ సహచరులతో కలిసి ఒక చిన్న థెరపీ కేంద్రం పెట్టారు. బర్గ్ కొరియాలో పుట్టి అమెరికా వెళ్లిన మనిషి. డి షేజర్ శాక్సాఫోన్ వాయించేవాడు. ఒకసారి బర్గ్ దగ్గరికొచ్చిన ఒకావిడ కష్టాలన్నీ చెప్పి, ఇక ఏదైనా అద్భుతం జరిగితే తప్ప లాభం లేదందట. 'సరే, జరిగిందే అనుకుందాం, అప్పుడు ఏం మారుతుంది?' అని బర్గ్ ఆ మాటనే పట్టుకుంది. అక్కడ పుట్టింది ఆ ప్రశ్న.

వాళ్ల పద్ధతి నాలాంటి ఇంజినీర్‌కి బాగా నచ్చే రకం. ఒకళ్లు క్లయింట్‌తో మాట్లాడుతుంటే, మిగతావాళ్లు ఒకవైపు నుంచే కనిపించే అద్దం వెనక కూర్చుని గమనించేవాళ్లు. ఏ ప్రశ్న అడిగితే మనిషి ముందుకు కదులుతున్నాడు? ఏది అడిగితే అక్కడే ఆగిపోతున్నాడు? ఉపయోగపడినవి ఉంచుకున్నారు, పడనివి తీసేశారు. అలా తేలిందే 'సొల్యూషన్-ఫోకస్డ్' థెరపీ. దాని సూత్రాలు మా అమ్మమ్మ చెప్పే మాటల్లా ఉంటాయి. పాడవనిదాన్ని కెలకొద్దు. పనిచేస్తున్నది ఇంకాస్త చెయ్యి. పనిచేయకపోతే వేరేది చెయ్యి.

సున్నా ఎందుకు కాదు?

మొదటి సెషన్‌లోనే ఆవిడ మార్కులు వేసుకోమన్నారు. "అద్భుతం జరిగిన పొద్దున్న 10. అస్సలు ఏం బాలేని రోజు 0. ఇవాళ ఎక్కడున్నారు?"

"3" అన్నాను. ఇప్పుడు 'మరి 10కి వెళ్లడానికి ఏం చేస్తారు?' అంటుందని సిద్ధంగా ఉన్నా. మా అప్రైజల్ మీటింగుల్లో అదే అడుగుతారు.

ఆవిడ అడిగింది వేరు. "3 ఎందుకు? సున్నా ఎందుకు కాదు? ఆ మూడు మార్కులు ఎక్కడి నుంచి వచ్చాయి?"

ఆలోచిస్తే కొన్ని ఉన్నాయి. ఆఫీసు మానలేదు. మా టీమ్‌లో కొత్తగా చేరిన అమ్మాయి డౌట్లన్నీ నన్నే అడుగుతుంది. కౌన్సెలర్ దగ్గరికి నా అంతట నేనే వచ్చా. "ఇంకా?" అన్నారు ఆవిడ. చెప్పాను. "ఇంకా?" ఈ 'ఇంకా' అనే చిన్న మాట ఉంది చూశారూ, దానికి భలే బలముంది. మొదటి జవాబు మనకి ముందే తెలిసింది. మూడో 'ఇంకా'కి వచ్చే జవాబు మనకే కొత్త.

"4 అయితే ఏం కనిపిస్తుంది?" అన్నారు చివర్లో. 10 గురించి మాట్లాడనే లేదు. ఒక్క మార్కు. అంతే.

హోంవర్క్ కూడా ఇచ్చారు. నేను భయాల డైరీ రాయమంటారేమో అనుకున్నా. "వచ్చే వారం దాకా, మీ జీవితంలో 'ఇది ఇలాగే ఉంటే బాగుండు' అనిపించేవి గమనించండి" అన్నారు. ఇదీ మిల్వాకీ వాళ్లు మొదటి సెషన్ తర్వాత ఇచ్చే పనేనట.

రెండో సెషన్‌లో మినహాయింపులు వెతికాం. సమస్య రావాల్సిన చోట రాని సందర్భాలు. "ఆ సైరన్ మోగినా చేయి గడ్డకట్టుకుపోని రోజు ఒక్కటైనా ఉందా?" లేదన్నాను. ఆవిడ తొందరపెట్టలేదు. కాసేపటికి గుర్తొచ్చింది.

సెప్టెంబర్‌లో ఒక మధ్యాహ్నం. డ్యూటీలో ఉన్న కుర్రాడు లంచ్‌కి వెళ్తూ "అక్కా, రెండు నిమిషాలు" అని ఫోన్ నా డెస్క్ మీద పెట్టి వెళ్లాడు. అప్పుడే మోగింది. పక్కనున్న కొత్తమ్మాయి "అదేంటక్కా?" అంది. తనకి అర్థమవ్వాలని అలర్ట్‌ని పైకి చదివాను. ఇది ఫలానా సర్వీసు, ఇక్కడ క్యూ నిండిపోయింది, ముందు ఇది చూడాలి అని వివరిస్తూ వివరిస్తూ సరిచేసేశాను. ఇరవై నిమిషాలు. ఆ తర్వాత దాన్ని పూర్తిగా మర్చిపోయా! నా ఎక్సెల్ షీట్‌లో అది లేదు. ఎందుకుంటుంది? నేను తప్పులు మాత్రమే వెతికే క్వెరీ రాసుకున్నా కదా.

"ఆ రోజు తేడా ఏంటి?" అన్నారు.

"పైకి చదివాను. ఎవరికో చెప్తున్నట్టు."

ప్రోగ్రామర్లకి ఒక అలవాటుంది. కోడ్ ఎక్కడ తప్పిందో తెలీకపోతే టేబుల్ మీద రబ్బరు బాతు బొమ్మ పెట్టుకుని దానికి వివరిస్తారు. చెప్తుంటే తప్పు మనకే దొరుకుతుంది. ఆ సంగతి ఆవిడకి చెప్పాను. "అయితే రాత్రిపూట బాతు ఉంటే సరిపోతుందా?" అన్నారు. ఇద్దరం నవ్వుకున్నాం. ఆ వారమే 120 రూపాయలు పెట్టి బాతు కొన్నాను.

నాకు కోపమొచ్చింది

ఇదంతా చదివి 'అబ్బో, పాజిటివ్‌గా ఆలోచించు అని చెప్పడమేగా' అనుకుంటున్నారా? నేనూ అనుకున్నా. మూడో సెషన్‌లో అడిగేశా. "మేడమ్, అంతా బాగుంది అన్నట్టు మాట్లాడుతున్నాం. నాకు బాలేదు. నిన్న రాత్రి కూడా 2 గంటలకి మెలకువ వచ్చింది."

ఆవిడ వాదించలేదు. నాకు నచ్చజెప్పలేదు. కాసేపు ఆగి, "ఇంత కష్టంగా ఉన్నా, ఈ నాలుగు నెలలు రోజూ లేచి ఆఫీసుకి ఎలా వెళ్లగలిగారు?" అని అడిగారు.

ఏడ్చేశాను. అప్పటిదాకా అందరూ 'ఎందుకు చేయలేకపోయావు' అనే అడిగారు. నేనూ నన్ను అదే అడుగుకున్నా. 'ఎలా చేయగలిగావు' అని ఎవరూ అడగలేదు. ఇది కష్టం లేదన్నట్టు నటించడం కాదు. కష్టాన్ని ఒప్పుకుంటూనే, దాని మధ్యలో ఈ మనిషి ఏం చేసిందో చూడటం.

దానికో పేరు పెట్టండి

ఆ రోజే 'పిరికిదాన్ని' అన్న మాట దగ్గర ఆవిడ ఆగారు. "ఈ పిరికితనం మీరేనా? లేక మీ దగ్గరికి వచ్చి పోయేదా?"

"అర్థం కాలేదు."

"అది వచ్చినప్పుడు ఏం చెప్తుంది? ఏ గొంతుతో?"

కళ్లు మూసుకుంటే వినిపించింది. చిన్నప్పుడు మా ఊళ్లో దండోరా వేసేవాళ్లు. డప్పు కొడుతూ వీధి మలుపులో నిలబడి, 'ఇందుమూలంగా యావన్మందికీ తెలియజేయునది ఏమనగా' అని మొదలెట్టేవాడు. అచ్చం ఆ తీరులోనే. 'ఇందుమూలంగా యావన్మందికీ తెలియజేయునది ఏమనగా, ఈ అమ్మాయి వల్ల కాదహో!'

"అయితే దాని పేరు?"

"దండోరా."

ఇది ఇంకో పద్ధతి. నెరేటివ్ థెరపీ. దీన్ని మొదలెట్టింది ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌కి చెందిన మైఖేల్ వైట్, న్యూజిలాండ్‌కి చెందిన డేవిడ్ ఎప్‌స్టన్. వాళ్లిద్దరూ రాసిన ముఖ్యమైన పుస్తకం 1990లో వచ్చింది. వాళ్ల మూల ఆలోచన చాలా సింపుల్: మనిషి వేరు, సమస్య వేరు. మనిషే సమస్య అనుకుంటే మనిషిని బాగుచేయడానికి దిగుతాం. సమస్య విడిగా ఉందనుకుంటే, ఆ మనిషీ ఇంట్లోవాళ్లూ ఒకవైపు నిలబడి దాని సంగతి చూడొచ్చు.

వైట్ చూసిన కేసుల్లో బాగా పేరున్నది ఆరేళ్ల పిల్లాడిది. నిక్కర్లోనే కానిచ్చేసేవాడు. పిల్లాడికి సిగ్గు, అమ్మకి బాధ, నాన్నకి తలవంపులు. వైట్ ఆ సమస్యకి ఒక పేరు వాడాడు. మన భాషలో చెప్పాలంటే 'దొంగ కక్క'. ఆ దొంగ నిన్ను ఎలా మోసం చేస్తోంది? అమ్మానాన్నల్ని ఏం చేస్తోంది? అది రమ్మన్నా నువ్వు పోని రోజు ఉందా? పేరు పెట్టగానే తిట్లు తినే పిల్లాడు కాస్తా దొంగని పట్టుకునే పిల్లాడయ్యాడు. అమ్మానాన్నలు కూడా వాడి జట్టులోకి వచ్చారు.

నన్నూ అలాగే అడిగారు. దండోరా ఎప్పుడెప్పుడు వస్తుంది? (రాత్రి, ఒంటరిగా ఉన్నప్పుడు.) దానికి తోడు ఎవరు? (నిద్రలేమి, టీ, ఆ రిపోర్టులోని ఒక్క లైను.) నీ దగ్గర్నుంచి ఏం తీసుకెళ్లింది? (అమ్మతో కబుర్లు.) అది చేసేది నీకు ఇష్టమేనా? ఎందుకు కాదు?

చివరి ప్రశ్నకి నా జవాబు నాకే కొత్తగా అనిపించింది. "ఆ రాత్రి ఎవరో చిన్న షాపాయన డబ్బులు మధ్యలో ఆగిపోయి ఉంటాయి. నేను చూడాల్సింది." సిగ్గుపడుతున్నానంటే ఆ పని నాకు పట్టింది అనేగా అర్థం. పట్టనివాళ్లు హాయిగా నిద్రపోతారు. బాధ కింద మనం విలువిచ్చేది ఏదో దాక్కుని ఉంటుందని వైట్ అనేవాడట.

ఒక మాట. సమస్య వేరు అన్నంత మాత్రాన తప్పు నాది కాదని తప్పించుకోవడం కాదు. ఆ 14 నిమిషాలు నావే. కానీ 'నేను ఆ పని చేయలేదు' అనడానికీ, 'నేనంటే అంతే' అనడానికీ చాలా దూరం ఉంది. మొదటిదాన్ని సరిచేసుకోవచ్చు.

108కి ఫోన్ చేసిన పిల్ల

"దండోరా మాట వినని రోజు చిన్నప్పుడు ఏదైనా ఉందా?" అని నాలుగో సెషన్‌లో అడిగారు. నెరేటివ్ థెరపీలో దీన్ని కూడా ముఖ్యంగా వెతుకుతారు. మన గురించి బాగా పాతుకుపోయిన కథలో ఇమడని సంఘటన. 'పిరికిది' అనే కథలో దీపావళి చిచ్చుబుడ్డి ఉంటుంది, స్టేజి మీద మర్చిపోయిన మాట ఉంటుంది. ఇమడనివి రాలిపోతాయి.

నాది చిలకలూరిపేట దగ్గర పల్లెటూరు. తొమ్మిదో క్లాసు పరీక్షలప్పుడు. నాన్న మిర్చి టిక్కీలు వేసుకుని గుంటూరు యార్డుకి వెళ్లి అక్కడే పడుకున్నాడు. అమ్మ, తమ్ముడు పెళ్లికి వెళ్లారు. ఇంట్లో నేనూ, నానమ్మ. అర్ధరాత్రి దాటాక నానమ్మకి ఆయాసం ఎక్కువైంది. మాట రావడం లేదు.

నేను 108కి ఫోన్ చేశాను. ఊరి పేరు, రామాలయం, చెరువు గట్టు, ఎడమవైపు రెండో సందు అని దారి చెప్పాను. పక్కింటి పిన్నిని లేపి నానమ్మ దగ్గర కూర్చోబెట్టి, టార్చిలైటు పట్టుకుని రోడ్డు మీదకి పోయి నిలబడ్డాను. అంబులెన్స్ వచ్చేదాకా.

చెప్పడం అయ్యాక నేనే ఆగిపోయా. అర్ధరాత్రి. ఫోన్. ఒకరి ప్రాణం. 14 ఏళ్లు. ఆ పిల్ల ఫోన్ చేసింది.

"ఆ అమ్మాయి గురించి నానమ్మని అడిగితే ఏమనేవారు?" అన్నారు మేడమ్. నానమ్మ పోయి ఎనిమిదేళ్లు. నా దగ్గర జవాబు లేదు. "తెలిసినవాళ్లు ఇంకెవరైనా ఉన్నారా?"

ఆ వారం ఆవిడ నాకొక ఉత్తరం పంపారు. థెరపిస్టు రాసుకునే నోట్స్‌ని క్లయింట్‌కే ఉత్తరంగా పంపడం ఎప్‌స్టన్ మొదలెట్టిన అలవాటట. అందులో సలహాలేం లేవు. నేను చెప్పిన మాటలే ఉన్నాయి. 'దారి తప్పకుండా చెప్పడం ఆ వయసులో ఎవరు నేర్పారు?' అని ఒక ప్రశ్న ఉంది. ఆ ఉత్తరం ఎన్నిసార్లు చదివానో.

సంక్రాంతికి ఇంటికెళ్లా. అమ్మ అరిసెలు వత్తుతుంటే పక్కన కూర్చుని అడిగాను. "అమ్మా, నానమ్మకి ఆయాసం వచ్చిన రాత్రి గుర్తుందా?"

"ఎందుకు లేదే? మేం పొద్దున్నే పెద్దాసుపత్రికి వచ్చేసరికి నువ్వు నానమ్మ కాళ్ల దగ్గర కూర్చుని సైన్సు పుస్తకం చదువుకుంటన్నావు. డాక్టరుగారు మీ నాన్నతో అన్నారు, ఇంకో గంట ఆలస్యమైతే కష్టమయ్యేదని."

ఆ డాక్టరు మాట నాకు ఇప్పటిదాకా ఎవరూ చెప్పలేదు.

"మీ నానమ్మ ఊరుకుందా? వార్డులో ప్రతివాళ్లకీ నిన్ను చూపించి చెప్పింది. ఆ టార్చిలైటు పారేస్తానంటే చచ్చేదాకా పారేయనివ్వలేదు" అంటూ లేచి, చేతులు కడుక్కుని, బియ్యం డబ్బా వెనక నుంచి తీసుకొచ్చింది. బ్యాటరీలు కారిపోయి తుప్పు పట్టిన టార్చి.

"మరి నన్ను పిరికిదానివి అంటావెందుకు?"

అమ్మ కాసేపు ఏం మాట్లాడలేదు. "నోటికి అలవాటైపోయిందమ్మా" అంది. తర్వాత అరిసె నా చేతిలో పెట్టి, "ఇక అననులే" అంది.

ఇప్పుడు ఎక్కడున్నాను?

హైదరాబాద్ తిరిగొచ్చాక ఒక పని చేశా. ఆ ఆర్‌సీఏ రిపోర్టు మళ్లీ తెరిచి చదివాను. ఆ వారం డ్యూటీలో నేనొక్కదాన్నే. వెనక రెండో మనిషి లేరు. అంతకు ముందు రెండు రాత్రులు కూడా నాకు నిద్ర లేదు. అవేవీ అందులో లేవు. నెరేటివ్ థెరపీ ఇంకో ప్రశ్న కూడా నేర్పుతుంది: ఈ కథ ఎవరు రాశారు? ఏం వదిలేశారు? మేనేజర్ దగ్గరికి వెళ్లి, భయమేసిందని ఒప్పుకుని, ఆన్-కాల్‌కి ఇద్దరు ఉండాలని అడిగాను. గొంతు వణికింది. అయినా అడిగాను. ఒప్పుకున్నారు.

గత నెల నా డ్యూటీ వారం. సాకులు చెప్పలేదు. రాత్రి రెండుసార్లు సైరన్ మోగింది. దండోరా డప్పు వేసుకుని వచ్చింది. లైటు వేసి, బటన్ నొక్కి, మొదటి లైను బాతుకి పైకి చదివి వినిపించా. మొదటిది నేనే సరిచేశా. రెండోది నావల్ల కాలేదు. వెనకున్న సీనియర్‌ని లేపాను. ఒకప్పుడైతే అది ఓటమి. ఇప్పుడు అనిపిస్తుంది, ఆ రోజు పిన్నిని లేపడం కూడా ఓటమి కాదు కదా.

ఇప్పుడు నా మార్కు 6. పది కాదు. కావాలని కూడా లేదు. రాజీనామా డ్రాఫ్ట్ డిలీట్ చేశా. ఎప్పుడైనా మానేయాలనిపిస్తే కొత్తది రాసుకుంటాను. అది నేను రాసింది అవ్వాలి, దండోరా రాసింది కాదు.

అన్నిటికీ ఇదొక్కటే మందు అని చెప్పను. రోజుల తరబడి నిద్ర లేకపోయినా, బతకాలని లేదనిపించినా ఈ ప్రశ్నలు మీకు మీరే వేసుకుంటూ కూర్చోకండి. డాక్టర్‌ని కలవండి. ప్రభుత్వం 2022లో మొదలెట్టిన టెలీ మానస్ నంబరు 14416. డబ్బులు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడొచ్చు.

మామూలు రోజుల్లో మాత్రం, మీ గురించి మీకు ఇంట్లోవాళ్లు పెట్టిన పేరు ఏదో ఒకటి ఉండే ఉంటుంది. బద్ధకస్తుడు, మొండిది, మాట రానివాడు. దానికి సాక్ష్యాలు ఎలాగూ బోలెడున్నాయి. ఒకసారి దానికి ఇమడని రోజు కోసం వెతకండి. దొరక్కపోతే అమ్మనో, అత్తనో, చిన్నప్పటి స్నేహితుడినో అడగండి. మీరు మర్చిపోయింది వాళ్ల దగ్గర ఉండొచ్చు.

నిన్న రాత్రి అమ్మ ఫోన్ చేసింది. "ఏం వండావు?" అన్నాను. గోంగూర పచ్చడి గురించి పావుగంట చెప్పింది.